కండ్లు దిద్దిన చెయ్యి

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా ఆయన ఒకనాడు ఈ గడప దాటి పోతాడు, మళ్లీ రాడు. అదీ నా భయం. ఊళ్లో ముగ్గురు పిల్లలకు అమ్మ పోసింది, ఒళ్లంతా పొక్కులు. నా చంకలో రెండేండ్ల పిల్ల ఉంది. అయినా పిల్లకేమవుతుందోనన్నది రెండో భయమే. కన్నతల్లినై ఇట్లా రాయడం సిగ్గే. కానీ ఇది దాచిపెడితే ఇక ముందు రాసేదంతా అబద్ధమవుతుంది.

ఆదివారం పొద్దున మా ఆయన అన్న కురుమయ్య బావ వాకిట్లో గొలుసు తెచ్చి పడేశాడు.

ఎద్దుల గొలుసు కాదు. సన్నది, కొత్తది. మనిషి కాలికి సరిపోయేది.

"ఏంది బావా ఇది?"

"పటేలు పంపిండు. మంగళారం ఈదమ్మ జాతర. గా పొద్దుటికి బట్ట మీద అమ్మకు కండ్లు పడాలె. పడలేదనుకో, నీ మొగన్ని ఏటి అవతలికి తోల్కపోతం. ఆడ పిచ్చి కుదురుస్తరు. నలభై దినాలు చెట్టుకు కట్టేసి నెత్తికి నిమ్మకాయలు రుద్దుతరు."

"ఎవరికి పిచ్చి?"

"ఊరందరికి తెల్సింది నీకు తెల్వదా?"

ఆయన అక్కడే ఉన్నాడు. మొగుడి పేరు రాస్తే ఆయుష్షు తగ్గుతుందంటుంది మా అత్త. అయినా రాస్తున్నాను: తిమ్మప్ప. అరుగు మీద కూర్చుని కల్వంలో ఇంగిలీకం నూరుతున్నాడు. గొలుసు చప్పుడుకు తల ఎత్తలేదు. ఎర్రపొడి ఇంకా గరగరలాడుతోంది, దాన్నే వింటున్నాడు. రంగు మెత్తబడిందీ లేనిదీ ఆయన కంటితో చూడడు, చెవితో వింటాడు.

"పిచ్చోడు గింత సన్నంగ నూర్తడా బావా? నువ్వు నూరి పూసిన పల్లకి మొన్న ముట్టుకుంటే చేతికంతా ఎర్రగంటింది. ఎవరికి పిచ్చో నువ్వే చెప్పు."

"ఏయ్ కాంతమ్మా! నోరు జర దగ్గర పెట్టుకో."

"అన్నా," అన్నాడు మా ఆయన, అప్పటికి. "ఆ గొలుసు నీడకు పెట్టు. ఎండకు కాల్తది. ఎల్లుండి నా కాలికే గద కట్టేది."

కురుమయ్య బావ మొహం నల్లబడింది. చెయ్యెత్తాడు కూడా. లోపల్నుంచి మా అత్త మల్లమ్మ "సుమ్నిరు!" అని అరిచింది. రాయచూరు దిక్కు ఆమె పుట్టిల్లు. కోపమొచ్చినా ప్రేమొచ్చినా ముందు కన్నడమే వస్తుంది. ఊరకుండమని ఇద్దరు కొడుకుల్లో ఎవరిని అన్నదో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ ఊరకున్నారు.

గొలుసు మాత్రం ఎండలోనే ఉంది.

*

గొడవంతా ఆ బట్ట గురించి.

మా ఇంటివాళ్లు చిత్తారోళ్లు. గట్టు ఊరి చుట్టుపక్కల పల్లెలకు అమ్మవార్లను రాసేది, పల్లకీల మీద పూలు, ఉయ్యాలల మీద చిలుకలు వేసేది తాతల కాలం నుంచీ వీళ్లే. జాతరకు పటేలు వెంకట్రాములు ఇంటినుంచి కొత్త బట్ట వస్తుంది. దాని మీద ఈదమ్మను రాసివ్వాలి. ఈసారి మా అత్త ఆ బట్టను చిన్నకొడుకు చేతికిచ్చింది. పెద్దకొడుకు అది మరిచిపోలేదు.

నిలువెత్తు బట్ట. చింతగింజల అంబలి పట్టించింది నేనే, సుద్ద పూసింది నేనే. దాని మీద ఆయన పైనుంచి కిందిదాకా ఎరుపు వేశాడు. ఒక్క ఎరుపు కాదు. అడుగున మాడిన మిరపకాయలాగా, పైకి పోయేకొద్దీ పసిపిల్ల చెవి వెనక ఎండ పడ్డప్పుడు కనిపించే ఎరుపులాగా. ఎడమ దిక్కున హరిదళంతో ఒక పసుపు గీత. అది సగందాకా వచ్చి ఆగిపోతుంది. అంతే. తల లేదు, చేతులు లేవు, శూలం లేదు. కండ్లు అసలే లేవు.

మొదటిరోజు నేనూ అడిగాను. "అమ్మేదయ్యా ఇందుల?"

నన్ను వాకిట్లోకి తీసుకుపోయాడు. "పొద్దు దిక్కు మొఖం పెట్టి కండ్లు మూసుకో."

మూసుకున్నాను.

"ఏం కనబడుతుంది?"

"ఏం లేదు. ఎర్రగుంది."

"గదే. పూనకమొచ్చినోళ్లు కండ్లు మూస్తరు గద? మూసినంకనే గద అమ్మ కనబడేది? గప్పుడు గిట్లనే కనబడతది. ఇగ చెప్పు, కండ్లేడ దిద్దాలె?"

నేను చదివింది మూడో తరగతి. పెద్దమనిషినయ్యే ముందే పెండ్లి మాటలొచ్చాయి, పలక అటక మీదికి పోయింది. అంత చదువుకే నాకు ఆ మాట అర్థమైంది. మహబూబ్‌నగర్‌లో చదివి, కచేరీ కాగితాలు ఉర్దూలో గడగడా చదివే పటేలుకు ఎందుకు అర్థం కాదు? పటేలు కూతురికి మా ఆయన ఉయ్యాల రాసిచ్చినప్పుడు "బంగారు చెయ్యిరా నీది" అన్నాడు కదా. అప్పుడు బంగారమైన చెయ్యికి ఇప్పుడు గొలుసా?

*

సోమవారం నేనే గొడవకు దిగాను.

"రెండు సుక్కలయ్యా. ఆవగింజలంత. పెడితే ఏం పోతది?"

కుంచెలు కడుగుతున్నాడు.

"పట్నంల రెండేండ్లు నేర్చుకొచ్చినవ్. గా పంతులు చెప్పిండా, పెండ్లాం బిడ్డను ఇడిచిపెట్టి చెట్టుకు కట్టించుకొమ్మని?"

"పట్నంల పంతులు అచ్చం మనిషిలెక్క ఎట్ల గీయాలెనో నేర్పిండు. బాగ నేర్పిండు. వనపర్తిల దొర మొఖం గీసిన, దొర భార్య మురిసిపోయింది. నీకు తెల్సు గద."

"తెల్సు. ఆ ఇంట్లనే తర్వాత గోడ మీద ఇంకోటేసినవ్, మూడో దినం సున్నం కొట్టిపిచ్చిర్రు. గది సుత తెల్సు."

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వే మాటా అది? నాలుగు రోజులు నిచ్చెన మీద నిలబడి వేసింది. రేగడి చేలు, పైన వాన రాని ఆకాశం, రెండే రంగులు. సున్నం కొట్టినవాడికి కూలి ఇచ్చారు, వేసినవాడికి ఇవ్వలేదు. గద్వాలలో వద్దని తిప్పి పంపిన బట్టను బావ జొన్నల మూటకు వాడుకున్నాడు. నాగర్‌కర్నూలులో బడి చెప్పే గోవిందు పంతులు ఒక్కడే ఒకటి అడిగి తీసుకుపోయి గోడకు పెట్టుకున్నాడు. మా ఆయన పదేండ్ల వయసులోనే తండ్రి వెంట శ్రీరంగాపూర్‌కు రంగుల డబ్బా మోసిన మనిషి. పదిహేడేండ్ల పనిలో ఈయన మనసుపడి వేసినవాటిలో ఇంటి బయట మిగిలింది ఆ ఒక్కటే.

"కాంతా, ఇప్పటిదాక ఎన్ని జతల కండ్లు దిద్దిన్నో నాకే తెల్వదు. పోచమ్మకు, మైసమ్మకు, దొరలకు, గుర్రాలకు. ఎవరడిగితే వాళ్లకు దిద్దిన. ఒక్కదానికి వద్దనిపించింది. ఒక్కటంటే ఒక్కటి."

"గా ఒక్కటి ఈదమ్మనే కావాలెనా? ఊళ్లె అమ్మ పోస్తున్నప్పుడే కావాలెనా?"

ఆయన దగ్గర జవాబు లేనప్పుడు పిల్లను ఎత్తుకుంటాడు. మా చిన్నది జమ్ములును భుజానేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. గొలుసు దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని దాటి నడిచాడు.

నాకు ఆయన మీద కోపం. పటేలు మీద కోపం. నిజం చెబితే ఆ ఎర్రబట్ట మీద కూడా కోపం. పొయ్యిలో పెడదామనుకున్నాను.

*

కండ్లు దిద్దడమంటే మా దగ్గర మామూలు పని కాదు.

కడకు చేసే పని అది. అంతదాకా అది బట్ట, ఆ తర్వాత అమ్మ. దిద్దేటప్పుడు బట్టకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మొదటి చూపు ఎవరి మీదా పడకూడదు. కొబ్బరికాయ కొట్టి, ఉడుత వెంట్రుకల కుంచెతో రెండు చుక్కలు పెట్టి, ఆ కుంచె విరిచేయాలి. దిద్దినవాడు చెప్పుల్లేకుండా, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి పొలిమేర రాయి దాటాలి. బట్ట ఇచ్చిన ఇంటివాళ్లు కొత్త పంచె, తాంబూలం తీసుకుని డప్పుతో పోయి పిలుచుకొస్తేనే మళ్లీ ఊళ్లో అడుగుపెట్టాలి. పిలవకముందే తిరిగొస్తే అమ్మ చూపు వాడి పిల్లల మీద పడుతుందంటారు.

మామూలుగా గడియసేపటి పని అది. చిత్తారి పొలిమేర దాటి ఒక చుట్ట కాల్చుకునేలోపు డప్పు వినిపిస్తుంది.

ఇంకో మాట. ఆడవాళ్లు రంగు నూరాలి, జిగురు కాయాలి, సుద్ద జల్లించాలి. కుంచె పట్టకూడదు. కండ్ల కుంచెనైతే తాకనే కూడదు.

*

మంగళవారం తెల్లవారేసరికి జమ్ములు ఒళ్లు కాలిపోతోంది.

మా అత్త పిల్ల నొసట చెయ్యి పెట్టి తీసేసింది. చూరుకు వేపమండ గుచ్చి వచ్చింది.

ఆయన పిల్లను చూశాడు, బట్టను చూశాడు. పంచె భుజానేసుకుని బావికి స్నానానికి పోయాడు. ఎక్కడ పారిపోతాడోనని కురుమయ్య బావ వెంట పోయాడు. గొలుసు బావ చంకలో ఉంది, తుండుగుడ్డలో చుట్టి.

ఇంట్లో మిగిలింది ముగ్గురం ఆడవాళ్లం. నేను, మా అత్త, జ్వరం పిల్ల.

నేను లోపలి అర్రలోకి పోయాను. దీపం మసి పొడి నేను నూరిందే ఉంది. తుమ్మజిగురు నేను కాచిందే ఉంది. కుంచెల బుర్ర తీశాను. అందులోంచి కండ్ల కుంచె లాగాను.

"పిల్లా."

మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. జమ్ములు ఆమె భుజం మీద. ఇక అయిపోయింది, కేక వేస్తుంది, ఊరంతా వస్తుంది అనుకున్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. బట్టకు వీపు పెట్టి, పిల్ల తలను కొంగుతో కప్పి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముందుగాల ఎడమ కన్ను. ఊపిరి బిగపట్టు. సుమ్నె ఒక్కసారి పెట్టు, మల్ల దిద్దకు."

"అత్తా, నీకెట్ల తెల్సు?"

"మీ మామకు చేతులు వణికిన ఆరేండ్లు ఈ ఊరికి కండ్లు ఎవరు దిద్దిర్రనుకున్నవ్?"

ముంచిన కుంచె మసిలోనే ఆగింది.

"ఆయన రాయి దాకా నడిచిపోతుండె. డప్పుతో వస్తుండె. పంచె ఆయనకు, తాంబూలం ఆయనకు. నాకేమో మసి కడుక్కునే పని. నీళ్లతోని పోదది, నూనె పెట్టాలె." పిల్ల తలమీది కొంగు సర్దింది. "కురుమయ్యకు తెల్వదు. వీనికి తెల్వదు. నువ్వు ఏడ్చుడు ఆపి పెట్టు. వాళ్లొచ్చే యాళ్లయింది."

ఎడమ కన్ను పెట్టాను. కుడి కన్ను పెట్టాను. పసుపు గీత ఆగిన చోటికి జానెడు పైన, ఎరుపు పలచబడే చోట.

చెబితే నమ్మరు. అంతసేపూ మంచి ఎరుపుగా ఉన్నదల్లా ఒక్కసారి మొహమైపోయింది. నా వైపు చూసింది. నేను ఎదురుగానే నిలబడి ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది.

*

ఆయన తడిబట్టలతో వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

జుట్టు నుంచి నీళ్లు కారి అలికిన నేల మీద పడుతున్నాయి. అలుకు చెడిపోతుందన్న ఆలోచన వచ్చింది నాకు. ఆ గడియలో రావలసిన ఆలోచనేనా అది?

"ఎవరు?"

నేను కుంచె ఉన్న చెయ్యి కొంగులో దాచుకున్నాను.

ఆయన నా దగ్గరికి వచ్చి కుడిచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలి మీద మసి. తిడతాడనుకున్నాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. తడి పంచె అంచుతో వేలు తుడిచాడు. పోలేదు. మళ్లీ తుడిచాడు.

"మంచిగనే దిద్దినవ్," అన్నాడు. "జోడు సమంగ కుదిరింది."

ఆ మాట అనకుండా నన్ను నాలుగు తన్నినా బాగుండేది.

"పిల్లకు జ్వరమయ్యా. వాళ్లు నిన్ను కట్టేసి తీస్కపోతరయ్యా. నేనేం చెయ్యాలె?"

"నేనేమన్నన్నా?"

"ఏమన్న అను!"

బయట డప్పు వినిపించింది. పటేలు మనుషులు వస్తున్నారు. వాకిట్లో కురుమయ్య బావ గొలుసు మూట విప్పుతున్న చప్పుడు.

ఆయన నా చేతిలోంచి కుంచె తీసుకుని ఫటుక్కున విరిచాడు.

పటేలు వెంకట్రాములు తలపాగాతో లోపలికి తొంగిచూశాడు. చూసీ చూడగానే చేతులు జోడించాడు. "అబ్బా! తల్లీ! కండ్లు జూడు, కండ్లు! ఏరా తిమ్మప్పా, గింత మంచిగ దిద్దేటోనివి ఇన్ని దినాలు మా పానం ఎందుకు తీసినవ్ రా? ఎవరు దిద్దిర్రు, నువ్వేనా? మీ అన్ననా?"

కురుమయ్య బావ నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు. కాంతమ్మ చేతికి మసి ఉంది అంటాడు. బావ చూపు అప్పటికే నా వేలి మీద ఉంది.

"నేనే దిద్దిన," అన్నాడు తిమ్మప్ప.

బయటికి నడిచాడు. గడప దగ్గర చెప్పులు ఉన్నాయి, వాటిని దాటిపోయాడు. నేను వెంటపడ్డాను. వెనక్కి తిరగకూడదు కనుక ఆయన తిరగలేదు. ముందుకే చూస్తూ మెల్లగా నాకొక్కదానికే వినపడేటట్టు అన్నాడు.

"పిలువనియ్యి. పిలిచినంకనే వస్త."

"నీకు ఇవన్ని నమ్మకమెక్కడిదయ్యా?"

"నాకు లేదు. గని పిల్ల మీద పందెం కట్టలేను."

పొలిమేర రాయి దాటి, కంది చేల మధ్య తొవ్వలో పోతూ పోతూ కనబడకుండా అయ్యాడు. నేను డప్పు కోసం చూశాను. డప్పు జాతర దిక్కు పోయింది. ఎర్రబట్టను కర్రకు కట్టి ముందు పట్టుకుని ఊరంతా వెనక నడిచింది. నేను పెట్టిన కండ్లు అందరినీ చూస్తూ పోయాయి.

పిలవడానికి ఎవరూ పోలేదు.

*

బుధవారం పోలేదు. గురువారం జమ్ములుకు మొదటి పొక్కు లేచింది. అమ్మ పోసిన ఇల్లని మా ఇంటికి ఎవరూ రాలేదు, మమ్మల్ని ఎవరూ రానీయలేదు. కురుమయ్య బావ అరుగు మీద మా ఆయన కల్వం ముందు కూర్చుని పల్లకి పని మొదలుపెట్టాడు. ఎర్రపొడి గరగరలాడుతుండగానే తీసి పూస్తున్నాడు.

"బావా, తమ్మున్ని పిలువమని పటేలుకు చెప్పవా?"

"నేనెట్ల చెప్తనే? బట్ట ఇచ్చింది వాళ్లు."

"గొలుసు తెచ్చేటప్పుడు మాత్రం చెప్పంగనే తెచ్చినవ్."

తల దించుకున్నాడు. బావ చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ మంట. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును.

ఆదివారం పిల్లను అత్తకు అప్పజెప్పి పటేలు ఇంటికి పోయాను. గడప తొక్కలేదు, వీధిలోనే నిలబడ్డాను. పటేలు తల్లి అమృతమ్మవ్వ లోపల్నుంచే పసుపునీళ్లు చల్లింది.

"ఆడనే ఉండు బిడ్డా. ఇంట్ల పిల్లలున్నరు. ఏం గావాలె?"

"మా ఆయనను పిలువుండ్రి అవ్వా. ఆరు దినాలాయె. పంచె వద్దు, తాంబూలం వద్దు. ఒక్క డప్పు కొట్టిపియ్యుండ్రి చాలు."

పటేలు బయటికొచ్చాడు. వీధిలో నలుగురు ఆగారు. వాళ్లను చూసి ఆయన గొంతు పెంచాడు.

"ఏందమ్మా తొందర? అమ్మ సల్లబడనియ్యి. కండ్లు పడ్డంక సుత నీ ఇంట్లనే పోసింది జూడు, వాడంటే అమ్మకు ఎంత కోపమో! జర దూరముంటే ఊరికే మంచిది. పిలిస్తే మల్ల గోడలన్ని ఎర్రగ పూస్తడు." నలుగురూ నవ్వారు. "ఏందైతేంది, గొలుసు పని లేకుండనే పోయిండు."

"ముగ్గురు పిల్లలకు అంతకుముందే పోసింది పటేలా. అప్పుడు మీరిచ్చిన బట్ట మీద ఇంకా సుద్ద సుత ఆరలే. గా కోపం ఎవరి మీదిది?"

"నోరు లేస్తుందే!"

నేను లోపల రెండు భయాలనూ తూకం వేసుకుంటున్నాను. చెబితే ఆయనకు పొలిమేర కట్టు లేదు. దిద్దినవాడు కాడు కనుక ఈ గడియలోనే ఇంటికి రావచ్చు. కానీ ఆడది ముట్టిన అమ్మ అని ఊరు నా మీద పడుతుంది. జ్వరంతో ఉన్న పిల్లతో సహా బయటికి నెడుతుంది. మా అత్త ఆరేండ్లు నోరు మూసుకున్నది అందుకే.

ఆమె మూసుకున్నది కనుకే నేనూ మూసుకోవాలా? మసి మాకు, పంచె వాళ్లకు, పొలిమేర కూడా వాళ్లకేనా?

"ఆయన దిద్దలేదు," అన్నాను. "కండ్లు దిద్దింది నేను."

అమృతమ్మవ్వ చేతిలో పసుపునీళ్ల చెంబు ఆగిపోయింది. రాయి పడుతుందని తలమీద కొంగు లాక్కున్నాను.

పటేలు నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఓ పిల్లా! మొగడు రావాలెనని ఎంత అబద్ధమన్నా ఆడతవా? ఆడదాని చెయ్యి గట్ల నడుస్తదా? ఆ సూపు జూసినవా, ఆ జోడు జూసినవా? అది వంశంల రావాలె తల్లీ, వంశంల!"

"అంతే మరి," అన్నారు నలుగురూ.

"పాపం, పరేషాన్ల ఏదో అంటుంది," అన్నది అమృతమ్మవ్వ. ఒక దోసెడు జొన్నలు తెప్పించి నా ముందు వీధిలో పెట్టించింది. నేను తీసుకోలేదు.

కొడతారనుకున్నాను, వెలివేస్తారనుకున్నాను. నమ్మరని మాత్రం అనుకోలేదు. బొటనవేలు ఎత్తి చూపించాను. గోరు మూలలో మసి ఇంకా ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె పిల్ల కాళ్లు ఒత్తుతోంది.

"నేనుసుత ఒకసారి చెప్పిన," అన్నది. "మీ మామ పోయినంక. పెద్దోనికి చెప్పిన. ముసలిదానికి మతి తప్పింది అన్నడు. గందుకే వానికి తెల్వదని నీకన్న."

అంటే కురుమయ్య బావకు తెలుసు. తెలిసీ నమ్మలేదు. నా వేలి మీద మసి చూసీ నోరు మూసుకున్నాడు.

*

ఈ వేళ పదకొండో దినం. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. గోపాల్‌పేటలో ఒక రాత్రి సత్రం అరుగు మీద పడుకున్నాడని గాజుల మాసయ్య చెప్పాడు. చేతికి ముట్టకుండా గాజుల గంప దూరాన దించి, కేకేసి చెప్పి పోయాడు. వట్టికాళ్లతోనే ఉన్నాడట. అక్కడినుంచి నాగర్‌కర్నూలు తొవ్వ పట్టాడట. అమ్మ దిగి పిల్లకు తలస్నానం అయ్యేదాకా ఈ ఇంటినుంచి నన్ను కదలనీయరు.

ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. నాగర్‌కర్నూలులో బడి వెనక సందులో గోవిందు పంతులు ఇల్లు ఉంది. ముందు అర్రలో కిటికీకి ఎదురుగోడ మీద ఒక బట్ట ఉంటుంది. అంతా నీలి, అడుగున వేలెడు తెలుపు. ఆయన వేసినవాటిలో ఎవరి చెయ్యీ పడకుండా మిగిలింది అదే. చూడకుండా ఉండలేడు.

ఇది చదివే మీలో ఎవరైనా అటు పోయేవాళ్లుంటే ఆ ఇంటి ముందు ఒక్క గడియ ఆగండి. సన్నగా, పొడుగ్గా, కుడిచేతి గోళ్లలో ఎరుపుతో ఒక మనిషి కిటికీ బయట నిలబడి ఉంటాడు. పిలవకపోతే లోపలికి పోయే మనిషి కాడు. అన్నం తిన్నాడా అని అడగండి. జమ్ములుకు మూడు పొక్కులే లేచాయని, మాడిపోతున్నాయని, ఈ పొద్దున గంజి అడిగి తాగిందని చెప్పండి. నేను చెప్పిన నిజం ఎవరూ నమ్మలేదని మీరు చెప్పకండి, అది నేనే చెప్పుకుంటాను.

ఆయన పాదాలు కూడా ఒకసారి చూడండి. చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయి.